ఊఁ కొట్టే ఫ్యాను

మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే మెకానిక్‌కి చేతులు రెండూ పనికి, ఒక చెవి ఫోనుకి అంకితం. మిగిలిన చెవి కూతురిదేనని అతని గట్టి నమ్మకం. కూతురు సామాన్యురాలా? నాయనమ్మ ఆమెకి పెట్టిన పేరే వాగుడుకాయ. బడి నుంచి రాగానే సంచీ ఓ మూలకి గిరాటేసి, ముందుగదిలో తండ్రి బల్ల పక్కన చతికిలబడి కథ ఎత్తుకునేది. అతను స్క్రూలు బిగిస్తూ ఊఁ కొట్టేవాడు. వినేవాళ్ళు ఊఁ కొట్టకపోతే కథ నడవదు మరి. కాకపోతే ఇతగాడి ఊఁ దారి ఊఁది, కథ దారి కథది.

ఆ సాయంత్రం పిల్లకి అనుమానం వచ్చింది.

"నాన్నా, మనింట్లోకి ఏనుగొచ్చింది."

"ఊఁ."

"నాయనమ్మని మింగేసింది."

"ఊఁ."

"నీకు సంతోషంగా ఉందా?"

"ఊఁ."

గుమ్మం దగ్గర బట్టలు మడతపెడుతున్న నాయనమ్మ చేతిలో దుప్పటి ఆగిపోయింది. "నా కడుపున పుట్టినవాడివేనట్రా నువ్వు?" అంది.

"ఏమైందమ్మా?" అన్నాడు మెకానిక్, చెవికి ఆనించిన ఫోను పక్కకి తీసి.

పిల్ల నవ్వలేదు. లేచి, అప్పుడే బాగై అటూ ఇటూ తిరుగుతున్న టేబుల్ ఫ్యాను ముందుకెళ్ళి కూర్చుంది.

"ఇక నా కథలన్నీ దీనికే చెప్తాను. ఇది కూడా ఊఁ అంటుంది. పైగా మధ్యమధ్యలో నా వైపు చూస్తుంది."

మెకానిక్ మనసు చివుక్కుమంది. తన చేత్తో బాగుచేసిన ఫ్యాను మీద తనకే అసూయ పుట్టింది. పిల్ల నిజంగానే మాట మానేస్తే ఈ గది ఎలా ఉంటుందో తలుచుకుంటేనే గుబులేసింది. ఫోను నాయనమ్మ చేతిలో పెట్టి, ఫ్యాను ఆపి, దాని స్థానంలో తనే కూర్చున్నాడు.

"నాకు చెప్పవా, తల్లీ?"

"నువ్వు వినవు."

"ఒక్కసారి ఊఁ అన్నా నా చెవి మెలిపెట్టు."

బేరం కుదిరింది. పిల్ల ఏనుగు కథ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. అప్పుడు తెలిసింది అతనికి, ఊఁ లేకపోతే వినక తప్పదని.

"అంత ఏనుగు మన గుమ్మంలో ఎలా పట్టింది?"

"పొట్ట లోపలికి పీల్చుకుంది."

మెకానిక్ పగలబడి నవ్వాడు. ఇంతలో ఫోను మోగింది. "మావాడు ఏనుగు పనిలో ఉన్నాడు. రేపు రండి," అని నాయనమ్మ పెట్టేసింది.

"మరి నాయనమ్మని మింగాక ఏమైంది?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. "తెలీదు."

"అదేంటి, కథ నీదేగా?"

"తర్వాతేమైందని నువ్వెప్పుడూ అడగలేదుగా. అందుకే అక్కడిదాకా కట్టలేదు."

అతను పిల్లని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"అయితే ఇద్దరం కలిసి కడదాం. ముందు నాయనమ్మని బయటికి తీద్దామా?"

వాగుడుకాయ అతని గుండెకి ఆనుకుని, తీరిగ్గా కాళ్ళు చాపుకుంది.

"తొందరేం లేదు నాన్నా. చాలా పెద్ద ఏనుగు."