గోడ ఆగిపోయిన చోట

మా మేనత్త ఇల్లు పట్టపగలు, అందరూ చూస్తుండగా కూలిపోయింది. అప్పుడు నేను అక్కడికి రెండు వందల గజాల దూరంలో, పెద్ద హోటల్ ముందు, సముద్రానికి కడుతున్న గోడకి రాళ్ళు పేరుస్తున్నాను. అల వచ్చి కొట్టింది. ముందు ఇంటి గోడ చతికిలబడింది, దాని మీదకి కప్పు దిగింది. వలలు బాగుచేసుకుని బతికే మనిషి మా అత్త. చేతిలో ఉన్న వలతోనే బయటికి పరిగెత్తింది. ఇంకేమీ తెచ్చుకోలేకపోయింది.

గునపాలు పారేసి పరిగెత్తాం. "ఎక్కడికిరా పోతున్నారు? లారీలో రాళ్ళింకా దించలేదు!" అని మేస్త్రీ వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు. ఆ నెలలో అది నాలుగో ఇల్లు.

కార్మిక మిత్రులారా, విద్యార్థులారా, ఆ గోడ కడతానని మాకు మాటిచ్చింది ఎవరో ముందు చెప్పాలి. మా అక్క మొగుడు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసి మోసి భుజం కాయకట్టిన మనిషి. ఊరంతా ఐసన్న అనేది. ఫ్యాక్టరీ సమ్మెలో నా పక్కనే నిలబడి లాఠీ దెబ్బలు తిన్నాడు. మున్సిపల్ ఎన్నికల్లో పోటీ చెయ్యమని మేమే బతిమాలాం. మా వలల పాకలో కూర్చుని, ఊరికి ముందు ఏం కావాలో మా నోటితోనే చెప్పించుకుని కాగితం మీద రాసుకున్నాడు. మురుగు కాలవ తీరంలోకి వదలకూడదు అన్నారొకరు. వీధికో కుళాయి అన్నారింకొకరు. ఆస్పత్రిలో డాక్టరుండాలి అన్నారు.

అత్త అడ్డుపడింది. "ఇల్లుంటే కదా అల్లుడూ కుళాయి! ముందు గోడ రాయి."

గోడే ముందు రాశాడు. తోపుడు బండెక్కి మైకులో చదివాడు: "మొదటి పని, సముద్రానికి గోడ. మన వీధి చివరిదాకా!"

గెలిచాడు. గోడా మొదలైంది. పని కూడా మాకే ఇప్పించాడు. మా ఇళ్ళ కోసం మేమే రాళ్ళు పేరుస్తున్నామని ఎంత హుషారుగా ఉండేవాళ్ళమో! గోడ రేవు దాటింది, బంగళాలు దాటింది, హోటల్ దాకా వచ్చింది. "ఇక ముందుకొద్దు, ఎత్తు పెంచండి చాలు" అన్నాడు మేస్త్రీ.

గోడ ఆగిన చోట నీళ్ళు ఆగవు. రాళ్ళకి కొట్టుకున్న అల పక్కకి తిరిగి, గోడ లేని చోట ఇంకా బలంగా పడుతుంది. మాతో పనిచేసే ముసలాయన ఈ సంగతి మొదటి వారమే చెప్పాడు. "మా బావ ఉన్నాడులే తాతా" అన్నాన్నేను. నవ్వాను కూడా.

ఇల్లు కూలిన రోజే ముప్పై మందిమి బావ ఆఫీసుకెళ్ళాం. ఇసుక కాళ్ళతో లోపలికి రావద్దన్నాడు బంట్రోతు. వినలేదు.

"కూర్చోండి, టీ చెప్పనా?" అన్నాడు బావ.

"టీ తాగడానికి రాలేదు బావా. గోడ ఎందుకాగింది?"

"ఆగలేదురా. ఏ పనైనా విడతలుగానే చేస్తారు. రెండో విడతలో మీ వీధి కూడా..."

"మీ వీధా?" అన్నాను.

బావ కళ్ళు దించుకున్నాడు.

అత్త మా మాటలు వినడంలేదు. గోడకి వేలాడుతున్న నగరం మ్యాపు చూస్తోంది. అక్షరం ముక్క రాకపోయినా తీరం వంపులు ఆమెకి కొట్టిన పిండి. "ఇది రేవు. ఇది హోటలు." వేలు జరిపింది. "మనముండే చోట ఈ పచ్చ రంగేంటి అల్లుడూ?"

"పార్కు అత్తా. ఊరు బాగుపడాలంటే కొన్ని..."

"మరి మేమో? పోలీసులొచ్చి ఖాళీ చేయిస్తే గొడవవుద్ది. అదే సముద్రం ఖాళీ చేయిస్తే ఎవరి మీద కేసు పెడతాం? ఎంత తెలివి పెట్టావయ్యా!"

కాదంటాడేమోనని ఆయన మొహంలోకే చూశాను. ఆ ఒక్క మాట కోసం గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి కూడా తిరిగాను. ఏదో ఫైలు తిరగేస్తున్నాడు.

ఆ సాయంత్రం వలల పాక నిండిపోయింది. అర్జీ పెడదామన్నాడు పడవలు చేసే వడ్రంగి. "నీ బావేగా, మెల్లగా నచ్చజెప్పి చూడు" అన్నారు కొందరు నాతో.

చేపలు ఎండబెట్టే ఆవిడ లేచింది. "మనవాడని ఓటేశాం. మనవాడు, మనవాడు అంటూ ఇంకెన్ని ఇళ్ళు పోగొట్టుకుందాం?"

నేను తలెత్తలేదు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

చివరికి ముసలాయన అన్నాడు: "రాళ్ళు దించేది మనం. పేర్చేది మనం. ఎక్కడ దించాలో వాళ్ళనడగడమెందుకు?"

అందరూ అక్కడే కూర్చున్న రాళ్ళ లారీ డ్రైవరు వైపు తిరిగారు. "నన్నలా చూస్తారేంటి? చోటు చూపించండి, అక్కడే కుమ్మరిస్తా" అన్నాడతను.

మర్నాడు మొదటి లారీ హోటల్ దగ్గర ఆగలేదు. మా వీధికొచ్చింది. పెద్ద రాళ్ళు గునపాలతో దొర్లించాం. చిన్నవి ఆడవాళ్ళు చేతులు మార్చుకుంటూ అందించారు. మధ్యాహ్నానికి ఏడు లారీలు. ఆరిళ్ళ ముందు మోకాలెత్తు గోడ లేచింది. అల వచ్చి రాళ్ళలో విరిగి, నురగై వెనక్కి పోయింది. గొంతులు పోయేలా కేకలు పెట్టాం.

అప్పుడొచ్చాయి రెండు పోలీసు వ్యాన్లు. వాటి వెనక బావ కారు.

"ఎవరు చేయించారిది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. బావ కారు దిగాడు. నా కళ్ళలోకి చూడకుండా చెయ్యెత్తి నన్ను చూపించాడు. తర్వాత ముసలాయన్ని. తర్వాత అత్తని. ఒకే పాకలో కూర్చున్నవాళ్ళం కదా, అందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా రాయించాడు.

"అక్కకి ఏం చెప్తావు బావా?" అనడిగాను.

"ముందు వ్యానెక్కు" అన్నాడు.

స్టేషన్లో ఆరుగురు పట్టే గదిలో మగవాళ్ళం పదకొండు మందిమి. పక్క గదిలో ఆడవాళ్ళు. ఆ రాళ్ళు తీసెయ్యడానికి ఊళ్ళో ఒక్క కూలీ కూడా ముందుకు రాలేదట. మూడో రోజు కాంట్రాక్టరు ఎక్కడో దూరం నుంచి ఇరవై మందిని తెప్పించాడని తెలిసింది. ఆ కబురు విన్నాక మాలో ఎవరికీ అన్నం సహించలేదు.

మధ్యాహ్నం బయట గోల వినపడింది. తలుపు తెరిచి కొత్త మనుషుల్ని లోపలికి తోశారు. ఒంటినిండా రాతి దుమ్ము.

"మీరెవరు అన్నా?" అనడిగాను.

"రాళ్ళు తీయడానికొచ్చాం" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "కూలిన ఇళ్ళు చూశాం. ఒకావిడ మాకు మంచినీళ్ళిచ్చి, 'ఈ రాళ్ళు తీస్తే తర్వాత పడేది నా ఇల్లే నాయనా' అంది. ఇంక చెయ్యాడలేదు తమ్ముడూ. తియ్యం అన్నాం. పట్టుకొచ్చారు."

పక్క గదిలోంచి అత్త అరిచింది. "ఎంతమందొచ్చార్రా?"

"ఇరవై మంది అత్తా!"

"జరిగి కూర్చోండి మరి!"

కాళ్ళు ముడుచుకుని గోడవారకి జరిగాం.