పోలీసుల పాలి ఉగ్గాని

అక్షరాలు వంకరగా ఉంటే, కథ నిదానంగా నడిస్తే ఓర్చుకోండి. మొగుడు పోయాక, యాభై దాటాక పలక పట్టిన చెయ్యి ఇది. జరిగింది నాకే. కానీ 'నేను' అని రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. అందుకని 'ఆమె' అనే రాస్తాను.

వాయిదా ఉన్న రోజు ఆమె చీకటితోనే లేచి బొరుగులు నానబెడుతుంది. నీళ్లు పిండి, ఉల్లిగడ్డ తాలింపులో కలిపి, పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీలు. జైల్లో ఉన్న కొడుకు వీరభద్రకు అవంటే ప్రాణం. అయినా క్యారియరులో పై గిన్నెలు రెండూ వాడివి కావు, వాణ్ణి కోర్టుకు తెచ్చే పోలీసులవి. వాళ్లు తిన్నాకే తల్లీకొడుకులు మాట్లాడుకోవాలి. మిగిలిందే కొడుక్కి.

వీరభద్ర బేతంచెర్లలో లారీలకు బండలెత్తేవాడు. నడుము నొప్పి మరవడానికి గంజాయి మరిగాడు. మాన్పించమని ఆమె పెద్దాసుపత్రికి తీసుకుపోతే, పడక ఖాళీ లేదు, వచ్చే నెల రమ్మన్నారు. ఆ నెల నిండకుండానే డోన్ స్టేషన్ బయట వాడు చిన్న పొట్లంతో దొరికాడు. జైల్లో మాత్రం ఆ రోజే చోటు దొరికింది.

బెయిలు వచ్చింది. ఇల్లున్న మనిషి జామీను నిలబడాలన్నారు. ఇల్లు మరిది పేరున ఉంది. ఆ ఇంట్లో వంటా, అంట్లూ, మంచం పట్టిన అత్త గుడ్డలూ ఏళ్లుగా ఈమె చేతుల మీదే. జామీను మాట ఎత్తితే మరిది నవ్వాడు.

"వాడికేం తక్కువ వదినా? సర్కారు కూచోబెట్టి మేపతాంది. మన పన్నుల దుడ్లు తింటాండాడు నీ కొడుకు."

"పెంపకం అట్లుండాది మల్ల," అంది తోడికోడలు లోపల్నుంచి. అప్పుడు ఆమె కడుగుతున్నవి వాళ్ల కంచాలే.

సర్కారు ఖర్చు. వాయిదా నాడు ఆ మాట ఆమెతో పాటు బస్సెక్కింది; ఈసారి చేతిలో క్యారియరుతో పాటు గుడ్డల మూట కూడా ఉంది. జీపు, డీజిలు, ఇద్దరు పోలీసులు, వకీళ్లు, జడ్జి, జైలు గోడలు, ఇంత పెద్ద యంత్రం ఒక పొట్లం చుట్టూ తిరుగుతోంది. ప్రతిసారీ ల్యాబు రిపోర్టు రాలేదంటారు, మళ్లీ వాయిదా. ఇందులో కాస్త పెట్టి ఆస్పత్రిలో ఒక మంచం వేసి ఉంటే పోయేది కదా? పైగా ఆ ఖర్చులో తన ఉగ్గాని ఎవరికీ కనపడదు. ఆడదాని చేతిపని ఇంట్లోనే కనపడనప్పుడు కోర్టులో ఎట్లా కనపడుతుంది?

కోర్టు వరండాలో ఆమె గిన్నెలన్నీ కొడుకు ముందే విప్పింది.

"ఏమమ్మా, మా పాలి గిన్నెలు యాడ?" అన్నాడు హెడ్డు కానిస్టేబులు.

"మీకు సర్కారు బత్తా ఇస్తాది గదప్పా. నాకెవరిస్తారు?"

"అట్లనా? అయితే మాటలు ల్యావు. లేయ్ రా!"

బజ్జీ చేతిలో ఉండగానే వీరభద్రను లేపారు. "పెట్టింటే పోతాండె గదమా," అన్నాడు వాడు. ఆమె క్యారియరు మూసి, లోపలికి పోయి వెనక బెంచీలో కూర్చుంది.

రిపోర్టు ఇంకా రాలేదన్నాడు ప్రభుత్వ వకీలు. జడ్జమ్మ వాయిదా వేయబోయింది. ఆమె లేచి నిలబడింది.

"కూచో, కూచో!" అన్నాడు బంట్రోతు.

"కూచోను. మేడం, వీణ్ణి ఊరికే ఇడిసిపెట్టమని అడగల్యా. ఆస్పత్రికి పంపమంటాండా. వీణ్ణి తెచ్చేదానికి, కొండబొయ్యేదానికి సర్కారు శానా పెడతాంది. అదే పెట్టి మందిప్పియ్యండి. మీ పోలీసోళ్లకు ఇన్నాళ్లూ తిండి పెట్టింది నేను. ఇంక పెట్టను."

హెడ్డు నేలచూపులు చూశాడు. జడ్జమ్మ కలం పక్కన పెట్టి అతని వైపు చూసింది, తర్వాత ఈమె వైపు.

"ఎవరమ్మా నువ్వు?"

"ముద్దాయి తల్లి, మేడం," అన్నాడు బంట్రోతు.

"నేను చెప్తానప్పా," అంది ఆమె. "నా పేరు హనుమంతమ్మ. యాభై ఎనిమిదేండ్లు. నిన్నటిదాకా మరిదింట్లో వండి పెడతాంటి. ఈ పొద్దు నుంచి బేతంచెర్ల స్టేషన్ ఎనక, బాడుగ గదిలో ఉంటాండా. రాసుకోండి."