నూట నలభై రెండో పాట

ఆ డబ్బా చూడటానికి చెప్పుల అట్టపెట్టె కంటే పెద్దదేమీ కాదు. నల్లటి ఇనుప పలక, దాని మీద నాలుగు గుండీలు, మధ్యలో చిన్న తెర. గుండీని కాలితో తొక్కితే గిటార్ గొంతు మారిపోతుంది. ఒకసారి ఎక్కడో కొండల అవతల వాయిస్తున్నట్టు, ఇంకోసారి చెవి పక్కనే గుసగుసలాడుతున్నట్టు. ఆశీష్ దాన్ని ప్రాసెసర్ అంటాడు. సుందర్‌రాజ్ మాత్రం మనసులో దానికి ‘సవతి’ అని పేరు పెట్టుకున్నాడు.

నాంపల్లి స్టేషన్ వెనక వీధిలోని చర్చిలో ఆయన గిటార్ పట్టి ముప్పై ఏళ్లు దాటింది. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో ఉద్యోగం చేసిన రోజుల్లోనూ, రిటైరయ్యాకా ఆయన కుర్చీ కీబోర్డు పక్కనే. భార్య డోర్కాస్ పోయిన మరుసటి ఆదివారం కూడా వచ్చి కూర్చున్నాడు. చర్చి పాటల బృందాన్ని, అంటే కోయిర్‌ను, నడిపేది డోర్కాస్ చెల్లెలు బెత్సీ. పాట ఎత్తుకునే ముందు ఆమె తల తిప్పి బావ వైపు చూసేది. బావ చేయి తీగల మీద పడేది. ఇప్పుడు ఆమె తల ఆశీష్ వైపు తిరుగుతోంది. తిరిగేది జానెడు దూరమే, కానీ ఆ జానెడు సుందర్‌రాజ్‌కు ప్రతి ఆదివారం గుచ్చుకుంటోంది.

ఆశీష్‌కు ముప్పై దాటి ఉంటాయి. బ్యాంకు ఉద్యోగం. మెదక్ నుంచి బదిలీ మీద వచ్చి మూడు నెలలైంది, అబిడ్స్‌లో ఒక సందులో కిరాయికి ఉంటున్నాడు. పెద్దవాళ్లు వస్తే లేచి నిలబడతాడు, ఆరాధన అయ్యాక కుర్చీలు సర్దుతాడు. అతను మంచివాడు కాకపోయి ఉంటే ఎంత బాగుండేదో అని సుందర్‌రాజ్‌కు చాలాసార్లు అనిపించింది. కనీసం మనసారా తిట్టుకోవడానికి వీలుండేది.

చర్చి వార్షికోత్సవం దగ్గరపడ్డాక, ప్రాక్టీసులో బెత్సీ ఆ మాట అననే అన్నది.

“బావా, ఈసారి దీపం పాట షురు ఆశీష్ తమ్ముడు ఇస్తడు. నువ్వు ఎనక రిథమ్ పట్టు.”

దీపం పాట అంటే పోయినవాళ్లను తలుచుకునే పాట. దానికి ముందు గిటార్ ఒక్కటే కాసేపు మోగుతుంది. ఆ మోగే ముక్క ఏ పుస్తకంలోనూ లేదు, సుందర్‌రాజ్ తన చేత్తో కట్టుకున్నది. అది వినబడగానే కోయిర్‌లో నిలబడ్డ డోర్కాస్ కళ్లు మూసుకునేది. ఆ షురు పోతే ఆ చర్చిలో తనదంటూ మిగిలేది కుర్చీ ఒక్కటే.

“ఎందుకు?” అన్నాడాయన.

“ఎందుకేంది బావా? ఇన్నవ్ గదా, ఆ ప్రాసెసర్ల కొడ్తే గుండె కరిగిపోతది.”

“ముప్పై ఏండ్ల సంది కరగలేదా నీ గుండె?”

“ఎందుకు కరగలే? నీ తీగ తెగిన ప్రతిసారి కరిగింది.”

కోయిర్ అంతా గొల్లున నవ్వింది. ఆశీష్ ఒక్కడే నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండునని సుందర్‌రాజ్ అనుకున్నాడు.

వార్షికోత్సవానికి ముందు ఆదివారం మధ్యాహ్నం ఆశీష్ ఆయన్ను ఇంటికి పిలిచాడు. మంచం పట్టి చర్చికి రాలేనివాళ్లకు ఫోన్లో పంపడానికి దీపం పాట రికార్డు చేస్తున్నాడట, రిథమ్ అంకుల్‌దే కావాలట. వెళ్లకపోతే ఓర్వలేక రాలేదంటారు. సుందర్‌రాజ్ గిటార్ భుజాన వేసుకుని వెళ్లాడు.

మూడో అంతస్తులో ఒంటి గది. కింద రోడ్డు మీద బస్సులూ ఆటోలూ ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి.

“ఈ హారన్ల మధ్యల రికార్డింగా?” అన్నాడు సుందర్‌రాజ్. ఆ గొంతులో కొంచెం సంతోషం కూడా ఉంది.

“మైకే లేదు అంకుల్. మీ గిటార్ల తీగల మోత పట్టే పికప్ ఉన్నది గదా, దాని వైరు సీదా ప్రాసెసర్లకు, ఆడికెల్లి లాప్‌టాప్‌లకు. బస్సు ఎంత ఒర్రినా దాంట్లకు రాదు. ఉత్త గిటార్ ఒక ట్రాక్‌ల పడ్తది, ఈ డబ్బా టోన్ కలిసింది ఇంకో ట్రాక్‌ల పడ్తది. రేపు టోన్ నచ్చకపోతే మార్చుకోవచ్చు, మీరు మళ్ల కొట్టే పని లేదు.”

హెడ్‌ఫోన్ పెట్టుకుని సుందర్‌రాజ్ వాయించాడు. తర్వాత ఆశీష్ వినిపించాడు. ముందు ఉత్త గిటార్, పొడిగా, రోజూ ఇంట్లో వినే గొంతుతో. ఆ తర్వాత టోన్ కలిసింది.

అదే చేయి, అవే తీగలు. కానీ ఎత్తయిన కప్పు ఉన్న పాత చర్చిలో, జనం రాకముందు, పొద్దున్నే ఒక్కడే వాయిస్తున్నట్టుంది. ప్రతి తీగా మోగి, కాసేపు నిలిచి, మెల్లగా తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోతున్నట్టుంది. తన గిటార్‌లో ఇంత ఉందని ఇన్నేళ్లూ తనకు తెలియదు. దాన్ని బయటికి తీసింది ఇంకొకడి డబ్బా.

ఆశీష్ టీ తెచ్చాడు. చక్కెర తక్కువ. ఎప్పుడో చర్చి దగ్గర తాను ఒకసారి అన్న మాట గుర్తుపెట్టుకున్నాడు. ఆ టీ బాగుండటం కూడా సుందర్‌రాజ్‌కు నచ్చలేదు.

అప్పుడే తెర మీద 118 అని కనిపించింది.

“ఈ నంబర్ ఏంది?”

“దీపం పాట నంబర్ అంకుల్. టోన్‌లకు పాటల నంబర్లే పెట్టుకున్న. వార్షికోత్సవం నాడు పోయినోళ్ల తాలూకు ఎవరో లేచి ఏ నంబరన్న అడుగుతరంట గదా, అడుగుడుతోని ఎత్తుకోవాలంట. బెత్సీ అక్క చెప్పింది. ఎక్కువసార్లు దీపం పాటనే అడుగుతరట, అయినా దేనికైనా మంచిదని మొత్తం బుక్కు ఎక్కించిన. ఏది అడిగినా రెడీ.”

అతను చూపించిన పుస్తకం నల్ల అట్టది. “మా నాయనమ్మది,” అన్నాడు గొప్పగా.

నాంపల్లిలో వాడేది ఎర్ర అట్టది. పదేళ్ల కింద మళ్లీ అచ్చు వేసినప్పుడు పాటల వరస మార్చారు. అందులో దీపం పాట నూట పద్దెనిమిది కాదు, నూట నలభై రెండు. మూడు నెలలుగా ఈ తేడా బయటపడకపోవడానికి కారణం బెత్సీయే. ఆమె శనివారమే పాటల మొదటి మాటలు వాట్సాప్‌లో పంపేస్తుంది. మర్నాడు ఆరాధనలో పాస్టరు అయ్యగారు ఏ నంబరు చదివినా ఆశీష్ వినాల్సిన పని లేదు.

సుందర్‌రాజ్ నల్ల పుస్తకం తిప్పి నూట నలభై రెండు తీశాడు. కోత పండుగ పాట.

“ఇది ఎట్లుంటది?”

ఆశీష్ గుండీ తొక్కాడు. లోపలి నుంచి డ్రమ్ములు దభదభమని మొదలయ్యాయి, వాటి మీద గిటార్ ఎత్తు ఎక్కుతున్న లారీలా గర్జించింది.

“మెదక్‌ల ఈ పాటకు ముసలోళ్లు గూడ ఎగురుతరు అంకుల్!”

చెప్పాల్సిన మాట నాలుక చివర దాకా వచ్చింది. నీ పుస్తకం పాతది బిడ్డా, అంతే. సుందర్‌రాజ్ దాన్ని టీతో కలిపి మింగేశాడు.

తిరిగి వస్తుంటే అబిడ్స్ ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలే. గిటార్ సంచి తగలకుండా ఒక పుస్తకాల మనిషి తన దొంతరను పక్కకు జరిపి దారిచ్చాడు. ఆ చిన్న మర్యాదకు ఆయన మనసు ఎందుకో కలుక్కుమంది. రేపు ఫోన్ చేసి చెబుదాం అనుకున్నాడు. రేపు వచ్చింది. సాయంత్రం చెబుదాం అనుకున్నాడు. పోయినవాళ్ల పేర్లు చదివాక, అందరూ తలలు వంచుకున్నాక, ఆ డ్రమ్ములు మోగితే బెత్సీ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. ఆ ఊహ తియ్యగా ఉంది. ఆ తీపి పోగొట్టుకోవడం ఇష్టం లేక వారమంతా ఫోన్ ముట్టుకోలేదు.

వార్షికోత్సవం నాడు చర్చి నిండిపోయింది. అయ్యగారు ఆ ఏడాది పోయినవారి పేర్లు చదివారు. ఒక్కో పేరుకు ఒక్కో కుటుంబం లేచి నిలబడింది. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఈసారి పాట అడిగే వంతు కరుణాకర్‌ది. నాంపల్లి మార్కెట్ దగ్గర అద్దాల దుకాణం ఆయనది, నిబ్బరమైన మనిషి. తల్లి పోయి ఇంకా నెల కాలేదు. ఆయన లేచాడు. ముందు బెంచీని రెండు చేతులా పట్టుకున్నాడు.

“నూట... నలభై రెండు. మా అమ్మ...” అని, మిగతాది చెప్పలేక ఆగిపోయాడు.

ఆశీష్ వంగి డబ్బా మీద నంబరు మార్చాడు. తెర మీద 142 పడింది. కాలు లేచింది.

సుందర్‌రాజ్ వారమంతా ఎదురుచూసిన క్షణం అదే. బెత్సీ ముఖం ఎలా ఉంటుందో చూడాలనుకున్నాడు, కానీ కళ్లు కరుణాకర్ ముఖం మీది నుంచి కదల్లేదు. అంత పెద్ద మనిషి పసివాడిలా గిటార్ కోసం చెవి ఒగ్గి నిలబడ్డాడు.

సుందర్‌రాజ్ చేయి తీగల మీద పడింది.

బెత్సీ చెయ్యి ఎత్తలేదు, ఎవరూ సైగ చేయలేదు. పొడిగా, కొంచెం గరగరలాడుతూ, దీపం పాట షురు మొదలైంది. ఆశీష్ కాలు గాల్లోనే ఉండిపోయింది. ఒకసారి సుందర్‌రాజ్ వైపు, ఒకసారి తెర వైపు చూశాడు. కాలు వెనక్కి తీసుకుని, గబగబా 118కి మార్చి, ఏమీ జరగనట్టు మెల్లగా వచ్చి కలిశాడు. కోయిర్ అందుకుంది. జనం అందుకున్నారు. కరుణాకర్ పాడలేదు, కూర్చుని రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఆయన భార్య వీపు నిమిరింది.

ఆరాధన అయ్యాక, పులిహోర పొట్లాలు పంచుతున్న చోట బెత్సీ ఆయన్ను దొరకబుచ్చుకుంది.

“గింత కుళ్ళా బావా నీకు? పిల్లగాని షురు గుంజుకుంటివి. ఆడు కాలు లేపి కొంగ లెక్క నిలవడ్డడు పాపం! నీకు గంత దురద ఉంటే ముందుగాల చెప్తే అయిపోవు గదా!”

చుట్టూ ఉన్నవాళ్లు పొట్లాలు విప్పుతూ చెవులు ఇటే పెట్టారు. ఒక్క మాట చెబితే చాలు. నల్ల పుస్తకం, ఎర్ర పుస్తకం. బెత్సీ నోరు మూతపడుతుంది, జనం నవ్వు ఆశీష్ మీదికి తిరుగుతుంది.

“ఔ, చెయ్యి ఆగలే. తప్పయింది,” అన్నాడు సుందర్‌రాజ్.

ఆమెకు దాంతో తిట్టడానికి ఏమీ మిగల్లేదు. చేతిలో ఉన్న పొట్లం ఆయన చేతిలో కుక్కి వెళ్లిపోయింది.

గిటార్ సంచిలో పెట్టుకోవడానికి లోపలికి వస్తే ఆశీష్ ఒక్కడే ఉన్నాడు, కేబుల్ చుట్టుకుంటున్నాడు. ఆయన్ను చూసి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“ఫికర్ చెయ్యకున్రి అంకుల్. నేను ఎవ్వరికి చెప్పలే.”

“ఏంది చెప్పలే?”

“ఆయన అడిగింది నూట నలభై రెండు. మీరు దీపం పాట ఎత్తుకున్నరు. వయసు మీద పడ్డంక గట్ల అయితది, మా నాయనమ్మకు గూడ అయ్యేది. మంచిదే అయింది, జనం మీ ఎనకనే వచ్చిన్రు. అక్క మళ్ల అడిగితే నేనే మీకు సైగ చేసిన అని చెప్త.”

సుందర్‌రాజ్ కుర్చీలో కూలబడ్డాడు. మొదట నవ్వొచ్చింది, వెంటనే మండింది. ఇందులో కూడా వీడే పై మెట్టు మీద ఉన్నాడు. తన తప్పు కాని తప్పును కప్పిపెట్టడానికి అబద్ధం ఆడటానికైనా సిద్ధపడ్డాడు. అసూయ పడటానికి కూడా చోటివ్వని మనిషి.

బెంచీ మీదున్న ఎర్ర పుస్తకం తీసి, నూట నలభై రెండు తెరిచి, అతని చేతిలో పెట్టాడు.

ఆశీష్ చదివాడు. అట్ట తిప్పి చూశాడు. మళ్లీ చదివాడు. కాలి దగ్గరున్న డబ్బా వైపు చూశాడు.

“ఆ డ్రమ్ములు మోగేటియి,” అన్నాడు.

“మోగేటియి.”

“మీకు ఎప్పటిసంది తెలుసు అంకుల్?”

ఇప్పుడే తెలిసింది అనవచ్చు. ఎవరూ కాదనరు.

“పోయిన ఆదివారం సంది. మీ ఇంట్ల, టీ తాగుకుంట.”

“మరి చెప్పలే?”

“చెప్పలే. నీ పరువు పోతే చూడాలనుకున్న.”

ఆశీష్ చుట్టిన కేబుల్ విప్పి మళ్లీ చుట్టాడు. బయట నవ్వులు, పిల్లల పరుగులు వినబడుతున్నాయి.

“మరి ఎందుకు ఎత్తుకున్నరు? నా కాలు ఆడనే ఉండె గదా.”

“కరుణాకర్‌ను చూసిన. నీ కోసం కాదు.”

“తెలుస్తున్నది,” అన్నాడు ఆశీష్. ఆ మాటలో కోపం ఉంది. ఆ కోపం వినడం సుందర్‌రాజ్‌కు ఒక రకంగా హాయిగా ఉంది. మొదటిసారి అతను తనతో ముసలివాడితో మాట్లాడినట్టు మాట్లాడలేదు.

ఆశీష్ డబ్బా సంచిలో పెట్టి జిప్ లాగాడు. “రేపు సాయంత్రం ఇంటికి రాండ్రి. ఈ ఎర్ర బుక్కు పట్టుకొని రాండ్రి. నంబర్లన్నీ మార్చాలె. మీరు చదువుతరు, నేను మారుస్త.”

“మొత్తం పుస్తకమా?”

“మొత్తం. టీ గూడ ఉంటది.”

సుందర్‌రాజ్ తల ఊపాడు. లేచి, రెండడుగులు వేసి, అడగకూడదనుకుంటూనే అడిగాడు.

“రికార్డింగ్‌ల షురు?”

“నేనే కొడ్త.”

గుండెల్లో ఎప్పుడూ గుచ్చుకునే చోటే గుచ్చుకుంది. ఈ నొప్పి ఇవాళతో పోయేది కాదని ఆయనకు అర్థమైంది. అయినా ఇవాళ దాన్ని పట్టుకుని నిలబడగలిగాడు.

“మూడో మలుపు కాడ నువ్వు ఉరుకుతవ్,” అన్నాడు. “ఆడ జర ఆగాలె.”

ఆశీష్ తలెత్తాడు. “ఎంతసేపు?”

సుందర్‌రాజ్ ముప్పై ఏళ్లుగా అక్కడ ఆగుతున్నాడే గానీ ఎంతసేపో ఎప్పుడూ కొలుచుకోలేదు.

“నోటితోని చెప్తే రాదు,” అన్నాడు. “రేపు గిటార్ గూడ తెస్త.”