తాతమ్మ కళ్లు

శ్రీకాకుళం బజార్లో భీమశంకరానికి ఫొటో స్టూడియో ఉందని అందరికీ తెలుసు. అందులో కుర్చీ ఉందనీ తెలుసు. ఆ కుర్చీలో బతికున్న మనిషి కూర్చోగా చూసినవాడే లేడు. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తరిగిపోతుందట! అందుకని ఊరు ఊరంతా బుద్ధిగా చచ్చేదాకా ఆగి, అప్పుడు కబురు పెట్టేది. భీమశంకరం కెమెరా పెట్టె భుజాన వేసుకుని పరిగెత్తేవాడు. శవాన్ని వాళ్లింటి కుర్చీలోనే కూర్చోబెట్టి, తుండుగుడ్డతో నడుం బిగించి, దవడ సర్ది, లెన్సు మూత తీసి, బొమ్మ పడేలోగా తీరిగ్గా చుట్ట వెలిగించేవాడు. కదిలే మనిషి కాదు కదా, తొందరేటి? ఆనక ఇంటికొచ్చి, ఫొటోలో మూసిన రెప్పల మీద సన్న కుంచెతో కళ్లు గీసేవాడు.

జనం "శవాల శంకరం" అని పేరు పెట్టేశారు. అది వింటే అతనికి ఒళ్లు మండిపోయేది. ప్రాణమున్న మనిషి ఒక్కడైనా తన కుర్చీలో కూర్చోవాలి, అంతే, పాపం, అంతకు మించి ఏమీ కోరలేదు.

యుద్ధం అయిపోయిన మరుసటేడు సావుకారు నగరేశ్వరరావు తల్లి తాతమ్మ పోయింది. భీమశంకరం వెళ్లి ఫొటో తీసి, "అమ్మగారి కళ్లు ఎలాగుండేవి బాబూ?" అని అడిగాడు.

సావుకారు బుర్ర గోక్కున్నాడు. "కళ్లే కదేటి, అందరికీ ఉన్నట్టే ఉండేవి."

"పిల్లికళ్లనుకుంతన్నాను," అన్నాడు ఆవిడ చిన్నకొడుకు.

"ఆవిడ కళ్లెప్పుడూ సేటలో పప్పు మీదే ఉండేవి. మాకేటి తెలుస్తాది?" అంది పెద్దకోడలు.

ఛీ, ఏం కొంపండీ అది! అన్నేళ్లు ఆవిడ వండి పెడితే మెక్కారు, ఒక్కరూ ఆవిడ కళ్లకేసి చూడలేదు. భీమశంకరం మాత్రం ఏం చేస్తాడు? ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో చతికిలబడ్డాడు. పెళ్లాం నారాయణమ్మ పచ్చి కట్టెలతో పొయ్యి ఊదుకుంటోంది. పొగకి నీళ్లు నిండిన ఆ కళ్లనే చూసి గీసేశాడు.

బొమ్మ బ్రహ్మాండంగా కుదిరింది. ఉండబట్టలేక ఒక కాపీ కలకత్తాలో అఖిల భారత ఫొటోల పోటీకి పంపేశాడు. మొదటి బహుమతి కొట్టేసింది! ఆవిడ పోయిన మనిషని వాళ్లకి చెప్పినవాడెవడు? "ఈ తల్లి కన్నుల్లో ఉట్టిపడే జీవకళ, లోకమంతటి మీదా కరుణ..." అంటూ జడ్జీలు పేపర్లో రాసి పారేశారు.

చదివి వినిపిస్తే నారాయణమ్మ మూతి తిప్పింది. "కరుణా నా మొకమా! ఎండిన కట్టెలు తెమ్మంటే ఇనవు."

ఊళ్లో సన్మాన సభ పెట్టారు. తల్లి ఆయనది గనక దండ నగరేశ్వరరావు మెడలో పడింది. భీమశంకరానికి గోళీ సోడా ఇచ్చారు. "మా అమ్మ నన్నే సూస్తన్నాది. సిన్నప్పట్నించీ అదే సూపు," అని సావుకారు కళ్లొత్తుకుంటే చప్పట్లు మారుమోగిపోయాయి.

భీమశంకరానికి ఆశ చావలేదు. సభ అయ్యాక దగ్గరకెళ్లి, "బాబూ, రేపు మీరొచ్చి నా కుర్చీలో కూసోండి. మిమ్మల్ని సూసి ఊరంతా వస్తాది," అన్నాడు.

"నాకేటి తొందర? పోయాక తీద్దువులే. నువ్వు తీస్తే బతికున్నోల్ల కంటే జీవంగా ఉంతన్నారని కలకత్తావోల్లే సెప్పారు కదా!"

ఆ మాట జనం పట్టుకున్నారు. అంతే, పాతపట్నం నించి కూడా బళ్ల మీద శవాలు దిగిపోయాయి. "ఆ కలకత్తా కళ్లే పెట్టు బాబూ," అని ఒకటే బతిమాలుడు. భీమశంకరం కూలబడి ఏడుద్దామంటే కుర్చీ ఖాళీగా ఉంటేనా!

నారాయణమ్మకి జాలేసింది. "ఏడవకయ్యా. నానొచ్చి కూసుంతాను. ఆయుష్షు పోతే పోనీ, నీతో ఏగింది సాల్దేటి!" అని పెళ్లినాటి చీర కట్టుకుని వచ్చి కూర్చుంది.

అతని చెయ్యి దానంతటదే తుండుగుడ్డ మీదకి పోయింది. నారాయణమ్మ చెయ్యి మీద ఒక్కటిచ్చింది. అతను లెన్సు మూత తీశాడు. తీసి, ఎప్పట్లాగే తీరిగ్గా చుట్ట వెలిగించాడు. ఆవిడ ఈగని తోలింది, దగ్గింది, "ఇంకా ఎంతసేపయ్యా?" అంది, నవ్వింది.

ఫొటోలో కుర్చీ స్పష్టంగా పడింది. చీర అంచు కూడా పడింది. మొహం ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి మసక.

నారాయణమ్మ దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూసింది. "నా కళ్లేవయ్యా?"

భీమశంకరం తల దించుకునే చెప్పాడు.

"సావుకారింటి గోడకున్నాయే."