బొమ్మరింటికి పెట్టిన తలుపు

నాన్న పోయాక చీరాలలో ఆయన ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేస్తుంటే, అటక మీద గోనెపట్టాలో చుట్టిన బొమ్మరిల్లు ఖుర్షిదాకి దొరికింది. దాన్ని చేసింది ఆమె తాత అలీ సాహెబ్. నేతవాళ్లకు మగ్గాలు చేసిపెట్టే వడ్రంగి ఆయన. మిగిలిన టేకు ముక్కలతో, తాము కాపురముండే పెంకుటింటినే చిన్నదిగా చేసి పిల్లలకిచ్చాడట. ముందు అరుగు, రెండు గదులు, వెనక వంటిల్లు. కప్పు పైకెత్తితే లోపలంతా కనిపిస్తుంది. చిన్నప్పుడొకసారి ఖుర్షిదా అటకెక్కి దాని మీద చెయ్యి వేస్తే, ఎన్నడూ గొంతు పెంచని నాన్న "దిగవే!" అని అరిచాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు వద్దనేవాళ్లెవరూ లేరు. మంగళగిరిలో తన ఇంటికి తెచ్చుకుంది. ఇంటి ముందుగదిలోనే ఆమె చీరలకు ఫాల్స్ కుట్టి, పీకో చేస్తుంది. కూతురు అర్ఫాకి వేసవి సెలవులు. బేరాల్లేని మధ్యాహ్నాలు తల్లీకూతుళ్లు బొమ్మరిల్లు ముందేసుకుని కూర్చునేవాళ్లు. చెదలు తిన్న వెనక గోడ తీసేసి ప్లైవుడ్ ముక్క బిగించారు. ఉప్పుకాగితంతో రుద్దగా రుద్దగా నల్లబడిన టేకు ఎర్రగా తేలింది. ఊడిన పెంకుల చోట ఐస్‌క్రీమ్ పుల్లలు కోసి, రంగేసి అతికించింది అర్ఫా.

అన్నీ ఉన్నాయి గానీ వీధి తలుపు లేదు. గుమ్మానికి ఒక పక్క చెక్క చీలి ఉంది. తలుపు దానంతటది ఊడినట్టు లేదు, ఎవరో గుంజి పీకినట్టుంది.

"తలుపు లేకపోతే అదేం ఇల్లమ్మా?" అంది అర్ఫా.

ఖుర్షిదా భర్త అక్బర్ ట్రాలీ ఆటోలో గుంటూరు యార్డుకి మిర్చి బస్తాలు తోలతాడు. ఓరోజు వస్తూ నగల పెట్టెలకు వేసే బుల్లి మడతబందులూ, గడియా తెచ్చాడు. ఖుర్షిదా పలక చెక్కి తలుపు బిగించింది. లోపలి వైపు గడియ పెట్టి, వేసి చూసుకుంది. చక్కగా పడింది.

మర్నాడు మధ్యాహ్నం మిషన్ కుడుతుంటే తలుపు కొట్టిన చప్పుడు. చాలా చిన్నగా, వేలి కణుపుతో కొట్టినట్టు. లేచి వీధి తలుపు తీసింది. ఎండ తప్ప ఎవరూ లేరు.

"మన తలుపు కాదమ్మా, అది," అంది అర్ఫా, బొమ్మరింటి వైపు చూపిస్తూ.

ఖుర్షిదా నవ్వేసింది. కొత్త చెక్క ఎండకి బిగుసుకుంటూ టక్కుమంటుందిలే అని సర్ది చెప్పింది. కానీ రోజూ అదే వేళకి కొట్టడం మొదలైంది. చెక్క చప్పుడైతే అలా ఆగి, విని, మళ్లీ కొట్టదు. ఒకరోజు దగ్గరికెళ్లి చూస్తే, బొమ్మరింటి అరుగు తడిసి ఉంది. బయట మే నెల ఎండ మండిపోతోంది. వేలితో తాకితే నీళ్లు ఐసులా చల్లగా ఉన్నాయి. బురద వాసన వచ్చింది.

"నీళ్లు పోశావా?"

"లేదమ్మా, ఒట్టు. ఆ పాపకి చలేస్తుందేమో, తీద్దామా?"

"ఏ పాప?"

"కొడుతుందిగా," అంది అర్ఫా మామూలుగా.

ఖుర్షిదా బొమ్మరింటి దగ్గర్నుంచి లేచింది. కూతుర్ని పక్కింటికి పంపి, మేనత్త రసూల్‌బీకి ఫోన్ చేసింది. భర్త పోయాక రసూల్‌బీ చీరాలలో ఒంటరిగా ఉంటోంది.

"అత్తా, తాత చేసిన బొమ్మరిల్లు బాగుచేస్తున్నా. తలుపు పెట్టిన కాణ్నుంచీ..."

"తలుపు పెట్టావా?" రసూల్‌బీ గొంతు మారిపోయింది. "ఎవర్నడిగి పెట్టావే?"

మర్నాడు పొద్దున్నే బస్సు దిగి వచ్చేసింది. మంచినీళ్లు కూడా ముట్టకుండా బొమ్మరింటి ముందు చతికిలబడి, ఆ తడిసిన అరుగుని చీర కొంగుతో తుడిచింది. ఆ తర్వాతే నోరు విప్పింది.

"నాకో చెల్లెలుండేది. షమా. నువ్వు ఆ పేరే విని ఉండవు. మీ నాన్న, నేను, అది, ముగ్గురం. డెబ్బయ్యేడు గాలివాన అప్పుడు దానికి ఆరేళ్లు. దీపం నిలవట్లా. పెంకులు లేచిపోతున్నాయి. నాన్న చీకట్లో మా తలలు తడిమి చూసుకున్నాడు. ముగ్గురూ ఉన్నారనుకుని తలుపేసి గడియ పెట్టాడు. మూడో తల దానిది కాదే. పక్కింటి ఆదెయ్య కూతురు భయపడి మా ఇంట్లోకొచ్చి దుప్పట్లో దూరింది. మాకు తెలీదు."

"షమా బయటుందా?"

"మేకపిల్లని తోలుకొద్దామని పోయిందంట. కాసేపటికి తలుపు చప్పుడైంది. ఎవరో కొడుతున్నారు నాన్నా అన్నాను. గాలే అది, పడుకో అన్నాడు. తలుపు ఊడొస్తుందేమోనని మగ్గం దూలం అడ్డం పెట్టాడు. చాలాసేపు కొట్టింది. తెల్లారి తీస్తే అరుగు మీద, తలుపుని ఆనుకుని..."

రసూల్‌బీ కొంగు నోట్లో కుక్కుకుంది. తేరుకున్నాక మళ్లీ చెప్పింది. "ఆ వారమే మా నాన్న బొమ్మరింటి తలుపు పీకి పొయ్యిలో పెట్టాడు. అసలింటి గడియ కూడా పీకేశాడు. దాని పేరు మళ్లీ ఎవరం పలకలా."

"అయితే ఈ తలుపూ పీకేస్తాను అత్తా."

"వద్దు! ఎక్కడ కొట్టాలో తెలీకే ఇన్నేళ్లూ తిరిగిందేమో. ఇప్పుడు దొరికింది."

ఇద్దరూ మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. మిషన్ కట్టేసి ఉంది. ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. అప్పుడు తలుపు మీద చిన్నగా, ఓపికగా కొట్టిన చప్పుడైంది. రసూల్‌బీ కప్పు పైకెత్తి, వేళ్లు లోపల పెట్టి గడియ లాగింది. తలుపు తనే కదిలి తెరుచుకుంది.

"రా అమ్మా," అంది రసూల్‌బీ. "నాన్నకి తెలీలేదే. నాకు తెలుసు, నువ్వేనని తెలుసు. చిన్నదాన్ని, దూలం ఎత్తలేకపోయాను. రా, లోపలికి రా."

అరుగు మీది తడి గడప దాటడం ఖుర్షిదా కళ్లారా చూసింది. సన్నటి చారగా పాకి, ముందుగది దాటి, వెనక వంటింట్లో పొయ్యి పక్కన ఆగింది. ఫ్యాన్ తిరుగుతున్నా గదంతా చలి పట్టింది. ఖుర్షిదా దువా చదువుకుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో చప్పుడు వినపడలేదు. కానీ రసూల్‌బీ బొమ్మరింటిని వదిలి వెళ్లనంది. అర్ఫా ఏడ్చింది. దానికి వేరేది చేసిస్తానని ఒప్పించి, అక్బర్ ట్రాలీలో పరుపు పరిచి, బొమ్మరింటినీ రసూల్‌బీనీ చీరాల చేర్చాడు. దారి పొడుగునా ఆమె ఆ కప్పు మీద చెయ్యి తీయలేదట.

జూన్‌లో తొలి వాన పడ్డ సాయంత్రం ఖుర్షిదా ఫోన్ చేసింది.

"ఎలా ఉన్నావత్తా?"

"బాగున్నానే. ఇక్కడ ఒకటే వాన. ఇప్పుడే తలుపేసి గడియ పెట్టా." ఆమె గొంతులో అంత హాయి ఖుర్షిదా ఎప్పుడూ వినలేదు.

అంతలో రసూల్‌బీ ఫోన్ పక్కకి తిప్పి, ఎవరితోనో మెల్లగా అంది. "తల తుడుచుకో. తుడుచుకుని అన్నానికి రా."

ఎవరితో అని ఖుర్షిదా అడగలేదు. అత్త మళ్లీ ఫోన్‌లోకి వచ్చేదాకా, వాన చప్పుడు వింటూ ఉండిపోయింది.