రెండో సొరుగులో తాళంచెవి

పదకొండింటి టీని, నాలుగింటి టీని ఎనిమిది గ్లాసుల్లో పోసి పంచడం టైపిస్టు పని అని ఏ ఉత్తర్వులోనూ లేదు. అయినా హన్మకొండలోని ఆ కార్యాలయంలో నాలుగేళ్లుగా ఆ పని నాదే. అక్కడ ఆడదాన్ని నేనొక్కదాన్నే కనుక. ఎనిమిదిమందికీ పోసి, నేను మాత్రం తాగేదాన్ని కాదు. టీ మాట అటుంచి, నీళ్లు కూడా. పొద్దున తొమ్మిదికి ఇల్లు వదిలితే సాయంత్రం ఆరు దాకా నాలుక ఎండవలసిందే. వెనక వరండాలో ఆడవాళ్లకని కట్టిన మరుగుదొడ్డి ఉంది. దానికి తాళం ఉంది. లోపల పాత ఫైళ్లున్నాయి.

అడిగాను, ఒకసారి కాదు. సూపరింటెండెంటు రాజేశ్వర్ రావు గారు కళ్లద్దాల మీదుగా చూసి, "ఒక్క ఆడామె కోసం గన్ని ఫైళ్లు ఏడ పెట్టాలమ్మా? జర అడ్జస్ట్ చేస్కోవాలె" అన్నారు. గదంతా నవ్వింది. ఆ ఏడాది రెండుసార్లు మూత్రంలో మంటతో, జ్వరంతో దవాఖానలో పడ్డాను. నీళ్లు బాగా తాగమంది డాక్టరమ్మ. నా భర్త భాస్కర్ మంచం పక్కన నిలబడి, "ఇంకోపారి జరమొస్తే నౌకరి బందే. ఇంట్ల నీళ్లకేమన్న కరువా?" అన్నాడు. కరువు లేదు. బోరింగు నుంచి రోజూ పన్నెండు బిందెలు మోసేది నేనే. ఆ జవాబును మింగేశాను. అన్నీ మింగడం నాకలవాటు, నీళ్లు తప్ప.

డెబ్బై ఎనిమిది వేసవిలో, మహిళా ఉద్యోగులకు ఏయే వసతులున్నవో తెలపమని హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది. రాజేశ్వర్ రావు గారు చెబుతుంటే నేను టైపు కొట్టాను. నాలుగో అంశం: మహిళలకు ప్రత్యేక మరుగుదొడ్డి కలదు, వినియోగంలో ఉన్నది. ఒక్క అక్షరం మార్చలేదు.

నెల తిరగకుండా తనిఖీకి ఒక మహిళాధికారి వచ్చారు. "మేడంకు ఏం తక్కువ గావద్దు" అని రాజేశ్వర్ రావు గారు నన్ను హెచ్చరించారు.

తక్కువ కానివ్వలేదు. రాగానే చెంబెడు కుండనీళ్లు. అరగంటకు నిమ్మరసం. పదకొండింటికి టీ, పన్నెండింటికి మజ్జిగ. ఒక్కొక్క గ్లాసునూ తూచినట్టుగా, నాలుగేళ్ల ఓపికతో, నవ్వుతూ అందించాను. ఆమె మీద జాలి కలగలేదా అంటే, కలిగింది. నా మీద నాకు అంతకు చాలా ముందే కలిగి ఉంది.

పన్నెండున్నరకు ఆమె కలం మూసి, నావైపు వంగి మెల్లగా అడిగారు. నేను మెల్లగా చెప్పలేదు.

"నాలుగో అంశంల ఉన్నది మేడం. తాళంచెవి సార్ దగ్గరుంటది."

రాజేశ్వర్ రావు గారు జేబులు తడుముకున్నారు. "చెవి... ఇంట్ల మర్చిపోయిన మేడం."

"రెండో సొరుగుల ఉంటది సార్. రోజూ మీ బల్ల తుడిచేది నేనే గదా."

తలుపు తెరవగానే ఫైళ్ల కట్టలు ఆయన కాళ్ల మీద కూలాయి. తెల్లచొక్కా నిండా దుమ్ము. ఎనిమిదిమంది మగవాళ్లూ చెమటలు కక్కుతూ మోస్తుంటే, ఆమె పెదవి బిగించి నిలబడ్డారు. ఆ బిగింపు నాకు తెలుసు.

"ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?" అని ఆమె నన్నే అడిగారు.

"నాలుగేండ్లు మేడం."

వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టారు. సంగతి రాసుకునే వెళ్లారు.

సాయంత్రం నాలుగింటికి రాజేశ్వర్ రావు గారు అలవాటుగా చెయ్యి చాచి, "టీ ఏదమ్మా?" అన్నారు. నేను కుండలో చెంబు ముంచాను. ఆయన ఎదుటే నిలబడి, ఆయన తల దించుకునేదాకా, ఆ కార్యాలయంలో నా మొదటి నీళ్లు తాగాను.

తరువాత ఇంకో చెంబు ముంచాను.