సీసాలావిడ వాంగ్మూలం

"ఒకటో గ్రూపంటే మందేగా?" అన్నాడాయన, రొట్టె ముక్క మీద వెన్న రాసుకుంటూ.

ఆమె చేతిలో పెనం ఉంది. గుడ్డు అంచులు అప్పుడే అంటుకుంటున్నాయి. అట్లకాడ కిందికి దూర్చి, తిరగేసి, ఆయన పళ్ళెంలో వేసి, పొయ్యి ఆపి, పెనాన్ని సింకులో పెట్టి కుళాయి తిప్పింది. ఇన్ని పనులు చేసింది గానీ నోరు మాత్రం తెరవలేదు. కాలిన పెనం మీద నీళ్ళు చుయ్యిమన్నాయి.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు," అని నవ్వాడాయన. "ఇందులో ఉప్పు తక్కువైంది."

ఆమె ఉప్పు సీసా అందించింది.

ఇద్దరూ పనిచేసేది ఒకే పరిశోధన సంస్థలో. ఆయన అక్కడ డాక్టరుగారు, పరిశోధనకి పెద్ద. ఆమె ఫార్మసిస్టు. మందు కలిపి, చిన్న గోధుమరంగు సీసాల్లో పోసి, మూత బిగించి, అంకె అంటించేది ఆమే. పదహారేళ్ళుగా ఆ పని చేస్తున్నా ఆ మేడలో ఆమెకున్న పేరు 'సీసాలావిడ'. ఎవరూ చెడ్డ మనసుతో పెట్టలేదు. మంచి మనసుతోనూ పెట్టలేదు. అందరికీ నోటికి సులువుగా ఉందంతే.

ఈసారి సీసాల్లో పోసింది గంజాయి మొక్క నుంచి తీసిన సరుకు. ఆ మాట వినగానే అత్తగారు గుండెలు బాదుకున్నారు. "ఇంట్లోకి గంజాయి వాసన తెస్తావా అమ్మాయ్? నా కొడుకు గంజాయివనంలో తులసిమొక్క, వాడికేం అంటదు. నువ్వు మాత్రం స్నానం చేశాకే వంటింట్లోకి రా" అన్నారు. తులసిమొక్క ఆ వనానికి యజమాని అన్న సంగతి ఆవిడకి ఎవరు చెప్పగలరు? ఆరు నెలలపాటు ఆమె పని నుంచి రాగానే స్నానం చేసి వంట మొదలుపెట్టింది. ఆయన రాగానే సోఫాలో కూర్చుని కాఫీ అడిగాడు.

నిజానికి వాళ్ళు పరీక్షిస్తున్నదానికి మత్తు లేదు, పెద్దగా పేరూ లేదు. కన్నబిజెరాల్ అంటారు, పొట్టిగా సీబీజీ. ఆ మొక్కలో వందకు పైగా పదార్థాలుంటే, పేరు మోసినవన్నీ దీని మూలరూపం నుంచే పుడతాయి. మొక్క ఎదిగేకొద్దీ అది కరిగి, మత్తెక్కించేదిగా ఒకటి, నొప్పులకి వాడేదిగా ఇంకొకటి మారిపోతుంది. కోతకొచ్చేసరికి మిగిలేది నూటికి ఒక పాలు. గాజు పళ్ళేల్లో పెంచిన కణాల మీదా, ఎలకల మీదా చూసినవాళ్ళు పేగుల వాపు తగ్గిందన్నారు, మొండి సూక్ష్మజీవులు చచ్చాయన్నారు. మనుషుల మీద చూసినవాళ్ళు చేతివేళ్ళకి మించి లేరు. ఆందోళన తగ్గిస్తుందేమో చూద్దామన్నది ఈ పరిశోధన.

డాక్టరుగారు దీన్ని సభల్లో భలే వర్ణిస్తాడు. "ఇది తల్లి పదార్థమండీ. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళలాంటిది. అంతా పిల్లలకిచ్చేసి తనకంటూ ఏమీ మిగుల్చుకోదు" అంటాడు. హాలు హాలంతా చప్పట్లు కొడుతుంది. నమూనా సీసాల పెట్టె పట్టుకుని వెనక నిలబడి ఆమె ఆ చప్పట్లు నాలుగు ఊళ్ళల్లో విన్నది. మిగుల్చుకోనివ్వని మొక్కని ఏమనాలో ఒక్కడూ అడగలేదు. ఆ తల్లి పదార్థం దక్కాలంటే పూత ముదరకముందే కోసెయ్యాలని సాగు చేసేవాళ్ళకి తెలుసు, ఆమెకి తెలుసు. ఆమెని పద్దెనిమిదేళ్ళ కిందట అలా ముందే కోసి దక్కించుకోవడానికి ఎవరూ రాలేదు. పెళ్ళి చేసి పంపారు.

ఇలాంటి పరీక్షకి ఒక నియమం ఉంది. ముప్ఫైఆరు మందిలో సగంమందికి మందు, సగంమందికి ఉత్త నూనె. రంగూ రుచీ వాసనా ఒకటే. ఎవరికి ఏది వెళ్ళిందో వేసుకునేవాళ్ళకీ తెలియకూడదు, వాళ్ళని ప్రశ్నలడిగే నర్సుకీ తెలియకూడదు, డాక్టరుగారికైతే అసలే తెలియకూడదు. ఆశ పడ్డవాడి కళ్ళకి అన్నీ మంచి గుర్తులే కనిపిస్తాయి కదా. ఒకటో గ్రూపు మందా, రెండో గ్రూపు మందా అన్నది, పరీక్షలు పద్ధతిగా జరిగేలా చూసే నైతిక కమిటీ పెద్దావిడ ముందు చీటీ తీసి తేల్చారు. కవరులో పెట్టి, అతుకు మీద ఆ పెద్దావిడా ఈమే సంతకాలు చేశారు. కవరు కమిటీ బీరువాలోకి వెళ్ళింది. రహస్యం ఈమె కడుపులోకి వెళ్ళింది. అది పొక్కితే పరీక్ష చెత్తబుట్టలో పడుతుంది, ఆమె లైసెన్సు పోతుంది. సీసాలు తారుమారైతే సరేసరి, ఆ ఫార్మసిస్టు మళ్ళీ దగ్గుమందు కూడా అమ్మలేదు.

ఆయనకి ఈ నియమాలన్నీ కంఠతా వచ్చు. అయితే నియమాలు బయటివాళ్ళకి, ఇంట్లో ఉన్నది పెళ్ళామే కదా. నర్సు వేసిన మార్కుల కాగితాలు సంచీలో ఇంటికి తెచ్చి, "కాస్త టైపు చేసి పెట్టు, ఎలాగూ ఖాళీయేగా" అని భోజనాల బల్ల మీద పడేశాడు. గుట్టు తెలిసిన ఆమె చూడకూడని కాగితాలవి. ఆమె ఆ మాట అంది కూడా. "ఇంట్లో నీకేం పనుంటుందని ఇంత బెట్టు?" అన్నాడు. అన్నప్పుడు ఆమె ఒక చేత్తో అత్తగారి మోకాళ్ళకి లేపనం రాస్తోంది. టైపు చేసింది. అలా టైపు చేస్తూ చూసింది: ఒకటో గ్రూపులో ఆందోళన మార్కులు బాగా పడిపోయాయి. రెండో గ్రూపులో ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆయన కూడా చూశాడు. చూసి ఎగిరి గంతేశాడు. ఇరవయ్యేళ్ళుగా ఏ పరీక్ష చేసినా మందుకి ఒకటో అంకె ఇచ్చిన మనిషి. మొదటిది ముందుండాలి అన్నది ఆయన లోకజ్ఞానం. ఈసారి చీటీ తీశారన్న సంగతి తెలిసీ, చీటీ కూడా తనలాగే ఆలోచిస్తుందనుకున్నాడు. అందుకే ఆ పొద్దున రొట్టెకి వెన్న రాస్తూ, తీరిగ్గా, భార్యని అడిగాడు.

ఒకటో గ్రూపుకి వెళ్ళింది ఉత్త నూనె.

తోమిన పెనాన్నే ఆమె మళ్ళీ తోమింది. భయంతో అనుకుంది ముందు. కాదు, ఆనందం. ఒట్టి పచ్చి ఆనందం, ఎవరితో చెప్పినా ఛీ అనే రకం. చెప్పకపోవడం ఆమె వృత్తిధర్మం. చెప్పకపోతే ఆయన నిండా మునుగుతాడు. ధర్మమూ పగా ఒకే గిన్నెలో ఉడకడం ఎన్ని జన్మలకి జరుగుతుంది? ఆయన తన వ్యాసాల్లో ఆమె పేరు తీసేసి 'సహకారం: ఫార్మసీ విభాగం' అని వేసిన ప్రతిసారీ ఆమె మింగిన మాటలన్నీ ఆ పొద్దున కడుపులో మెత్తగా సర్దుకున్నాయి. పెనం అద్దంలా తోమింది.

ఆ తర్వాత మూడో వారంలో ఆయన చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. అది వేసుకెళ్ళి విలేకరులకి, "ఆందోళనకి మత్తులేని మందు దొరికింది, కవరు తెరవడం లాంఛనమే" అని చెప్పాడు. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. కాలరు బ్రహ్మాండంగా నిలబడింది. అత్తగారు పేపరు కత్తిరించి అద్దం పక్కన అంటించారు.

కవరు తెరిచిన మధ్యాహ్నం మీటింగు గదిలో ఏడుగురున్నారు. కమిటీ పెద్దావిడ అతుకు మీది సంతకాలు అందరికీ చూపించి, చింపి, చదివింది. "ఒకటో గ్రూపు నూనె. రెండో గ్రూపు మందు."

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరుగారి మొహంలో రంగు కాలరు దాకా దిగింది. ఆమె చూడాలనుకున్నదంతా చూసింది, రెప్ప వెయ్యకుండా చూసింది.

"నూనె తాగినవాళ్ళకి మనసు కుదుటపడటం వింతేం కాదు, వారం వారం నర్సమ్మ కూర్చోబెట్టి మాట్లాడింది కదా," అంది పెద్దావిడ. "నన్ను కంగారుపెడుతున్నది వేరు. కవరు తెరవకముందే మందు పనిచేసిందని పేపర్లకి చెప్పేశారు డాక్టరుగారూ. మీకెవరు చెప్పారు?"

ఆయన కాలరు సర్దుకున్నాడు. రెండు సెకన్లు పట్టిందేమో ఆలోచించడానికి.

"చెప్పడం కాదండీ, ఫలితం కళ్ళకి కనబడుతూనే ఉంది. పొరపాటు కవరులో లేదు, సీసాల్లో ఉంది. లేబుళ్ళు తారుమారయ్యాయి. ఒకటో వాళ్ళకే మందు వెళ్ళింది." ఆగి, జాలిగా ఆమె వైపు చూశాడు. "అంటించింది మా ఆవిడ. మనిషన్నాక పొరపాట్లు సహజం."

ఆమె ఇలాంటిది ఊహించలేదు. ఆయన పడిపోవడం వరకే ఊహించుకుంది. పడుతూ పడుతూ ఆమె మెడ పట్టుకుంటాడని పద్దెనిమిదేళ్ళు కాపురం చేసి కూడా తట్టలేదు. ఒక్క మాటతో పదహారేళ్ళ పని మురుగులో కలిపేశాడు. ఆమె కలిపిన వేల సీసాల్లో ఒక్కటీ, ఒక్కటంటే ఒక్కటీ, తప్పిపోయినట్టు ఎవరూ ఏనాడూ రాయలేదు.

"మీరేమంటారమ్మా?" అంది పెద్దావిడ.

కాదని అరవచ్చు. అరిస్తే మొగుడూపెళ్ళాల గొడవంటారు, ఇంటికెళ్ళి తేల్చుకోమంటారు. ఆమె గొంతు ఆమెకే వింతగా, నెమ్మదిగా వినిపించింది. "రాసిస్తానండీ. రేపు పొద్దున్నే."

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన మొట్టమొదటిసారి కాఫీ తనే పెట్టాడు. రెండు కప్పులు. చక్కెర ఎక్కడుంటుందో తెలియక అన్ని డబ్బాలూ తెరిచాడు.

"చూడు," అన్నాడు ఎదురుగా కూర్చుని. "నేను పోతే సంస్థ పోతుంది. పేపర్లో పడ్డాను. నీదేముంది? పోవడానికి నీకు పేరెక్కడుందీ? రెండేళ్ళు ఇంట్లో ఉంటావు, అమ్మని చూసుకుంటావు. అంతకంటే ఏం జరుగుతుంది?"

లోపలి గదిలోంచి అత్తగారు, "మొగుడి కోసం ఆ మాత్రం చెయ్యలేవా అమ్మాయ్? ఏమైనా ప్రాణం అడిగాడా?" అన్నారు.

"ప్రతి గ్రూపు నుంచీ ఒక సీసా సీలేసి దాస్తావుగా," అన్నాడాయన గొంతు తగ్గించి. "నా ఫైళ్ళకి చోటు కావాలని ఆమధ్య అవి పెట్టే బీరువా ఖాళీ చెయ్యమన్నాను. చేశావుగా?"

"చేశాను. మర్నాడే."

ఆయన ఊపిరి వదిలాడు. ఖాళీ చేసినవి ఎక్కడ పెట్టావని అడగలేదు. అవి నర్సు గదిలో చల్లపెట్టెలో, కమిటీ ముద్రతో, భద్రంగా ఉన్నాయి. చెప్పమని అడిగితే ఆ పూట చెప్పేసేదేమో, ఆమెకే తెలియదు.

"అయితే రాయి, నేను చెబుతా."

ఆమె తెల్లకాగితం తీసింది. ఆయన వ్యాసాలూ, సెలవు చీటీలూ, మేనమామకి శుభాకాంక్షలూ అన్నీ ఇలాగే చెప్పాడు, ఇలాగే రాసింది. కామా కూడా వదలకుండా రాసింది. 'లేబుళ్ళు అంటించేటప్పుడు నేను పొరపాటున రెండు గ్రూపుల సీసాలు తారుమారు చేశాను. ఇందులో డాక్టరుగారికి ఎలాంటి సంబంధమూ లేదు.' కాగితం ఆయన వైపు తిప్పింది.

ఆయన చదివాడు. పెదవి విరిచాడు. రాసిందేదీ దిద్దకుండా వదలడం ఆయన ఒంట్లో లేదు. జేబులో కలం తీసి 'పొరపాటున' కొట్టేసి, పైన తన గుండ్రటి దస్తూరీతో మూడు మాటలు ఇరికించాడు: 'ఇంటి పనుల అలసటలో'.

"ఇలా అయితే జాలి పడతారు," అన్నాడు.

ఆమె ఆ మూడు మాటల్నీ చాలాసేపు చూసింది. పద్దెనిమిదేళ్ళుగా ఆయన నోట రాని మాటలు. ఇంట్లో పనుందని, ఆ పనికి అలసట ఉంటుందని ఆయనకి తెలుసు. ఎప్పుడూ తెలుసు. తెలియక అన్నాడనుకుని ఇన్నాళ్ళూ ఎంత క్షమించింది! ఆ క్షమనంతా వెనక్కి తీసుకుంటుంటే ఒళ్ళు తేలికయింది.

"బాగుంది," అంది. "ఇది తీసేసి తిరగరాయను. ఇలాగే ఇస్తాను."

"నీ ఇష్టం." కాఫీ చాలా బాగా కుదిరిందని తనే మెచ్చుకుని లేచి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున ఆమె గుడ్డు వెయ్యలేదు. మామూలుకన్నా గంట ముందే బయల్దేరి, నర్సుని వెంటబెట్టుకుని, సీలు చెదరని రెండు సీసాలూ కమిటీ గదికి మోసుకొచ్చింది. "ఏ ప్రయోగశాలకైనా పంపండి, ఎందులో ఏముందో తేలుతుంది," అని పెద్దావిడ ముందు పెట్టింది. ఆవిడ సీలు మీది తేదీలు చూసి, ఈమెని చూసి, కుర్చీ జరిపింది.

"ఇంకో సంగతమ్మా," అంది. "రెండో గ్రూపువాళ్ళు పదాల జాబితా పరీక్షలో సగటున రెండు మాటలు ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. చిన్న గుంపు, ఇప్పుడే ఏదీ నమ్మలేం. మళ్ళీ చూడాల్సిందే. ఆ పరీక్ష పెట్టమన్నదెవరు? డాక్టరుగారి పథకంలో ఆ వరుస కొట్టేసి ఉంది."

"నేనేనండీ. ఆయన కొట్టేశారు. మీరు ఉంచారు."

పెద్దావిడ తన కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ రాతలో తన పేరు ఉందని తలకిందులుగా కూడా ఆమెకి తెలిసింది.

తర్వాత బల్ల చివర కూర్చుని, సంచీలోంచి రాత్రి కాగితం తీసింది. సగం పైన ఆయన చెప్పింది, మధ్యలో ఆయన దిద్దింది. సగం కింద ఇంకా తెల్లగా ఉంది. కలం మూత తీసి, సీసాల మీద అంకెలు వేసేటంత శుభ్రమైన అక్షరాలతో మొదలుపెట్టింది.

'పైన ఉన్నది నా భర్త భోజనాల బల్ల దగ్గర కూర్చుని చెబితే నేను రాసింది. కొట్టివేతా, దాని మీది దస్తూరీ ఆయనవి. జరిగింది కింద రాస్తున్నాను.'